మునుపటి గర్భస్రావాల తర్వాత తొలి స్కానింగ్

ఒకటి లేదా అంతకు మించి గర్భాలు పోయిన స్త్రీ మళ్ళీ నెల తప్పినప్పుడు, ఆరో వారం నుంచి పదో వారం లోపల చేయించుకునే అల్ట్రాసౌండ్ పరీక్ష ఇది. గర్భం గర్భసంచిలో ఉందా ట్యూబులో ఉందా, ఒక్క బిడ్డా కవలలా, ఎన్ని వారాలు నిండాయి, పిండం గుండె కొట్టుకుంటోందా అన్నవి దీనివల్ల తెలుస్తాయి. పరీక్ష పది పదిహేను నిమిషాల్లో అయిపోతుంది. అయితే ఇంతకు ముందు ఇలాంటి బల్ల మీదే పడుకుని "హార్ట్ బీట్ లేదమ్మా" అన్న మాట విన్న స్త్రీకి ఆ పది నిమిషాలు మామూలువి కావు. మిగతా గర్భిణుల స్కానింగుతో కలిపేయకుండా దీని గురించి విడిగా రాయడం అందుకే. జంషెడ్‌పూర్‌లో, సువర్ణరేఖ నదికి అవతలి ఒడ్డున ఉన్న మాంగో ప్రాంతాన్ని, అక్కడ కాపురాలున్న తెలుగువాళ్ళను దృష్టిలో పెట్టుకుని ఈ వ్యాసం సాగుతుంది. శాస్త్రం మాత్రం ఎక్కడైనా ఒకటే.

మాంగోలో పరిస్థితి

మాంగో జార్ఖండ్‌లోని తూర్పు సింహభూమ్ జిల్లాలో ఉంది. నది మీది వంతెన దాటితే సాక్చీ, అక్కడి నుంచి బిస్టుపూర్. 1961లో మొదలైన మహాత్మా గాంధీ స్మారక వైద్య కళాశాల మాంగోలోని డిమ్నా రోడ్డు వైపు ఉంది. అందరూ ఎంజీఎం అనే దాని ఆసుపత్రి దశాబ్దాల పాటు నది ఇవతల సాక్చీలోనే నడిచింది. బిస్టుపూర్‌లోని టాటా మెయిన్ హాస్పిటల్ 1908 నాటిది. వీటికి తోడు ప్రైవేటు నర్సింగ్ హోములు, స్కానింగ్ సెంటర్లు ఉన్నాయి. సర్కారు దవాఖానాలో చూపించుకునే గర్భిణికి జననీ శిశు సురక్షా కార్యక్రమం కింద స్కానింగుతో సహా పరీక్షలు ఉచితం. ఈ పథకం 2011లో మొదలైంది. మన దగ్గర ఆశా కార్యకర్త అనే మనిషిని జార్ఖండ్‌లో సహియా అంటారు. ఏ రోజున ఏ డాక్టరు ఉంటారో, కాగితాలేం తీసుకెళ్ళాలో బస్తీలో ఆమెకే బాగా తెలుస్తుంది.

టాటా ఉక్కు కర్మాగారంలో పనికని శ్రీకాకుళం, విజయనగరం, విశాఖ వైపు నుంచి వచ్చిన కుటుంబాలు ఈ ఊళ్ళో మూడు నాలుగు తరాలుగా ఉన్నాయి. ఇక్కడ పుట్టి పెరిగిన వాళ్ళకు హిందీ ఇంటి భాషంత దగ్గర. కొత్తగా కాపురానికి వచ్చిన కోడలికి అలా కాదు. స్కానింగ్ గదిలో డాక్టరు హిందీలో మాట్లాడతారు, రిపోర్టు ఇంగ్లీషులో ఉంటుంది, భయంలో తెలిసిన మాటలు కూడా చెవికెక్కవు. భర్తో, వదినో, రెండు భాషలూ వచ్చిన ఎవరైనా ఒకరు పక్కన ఉండేలా ముందే అడిగి పెట్టుకోవడం మంచిది.

మరొకటుంది. నెల తప్పిందనగానే "పుట్టింటికి పంపించెయ్యండి, అక్కడ విశ్రాంతిగా ఉంటుంది" అనే ఆనవాయితీ చాలా ఇళ్ళల్లో ఉంది. టాటానగర్‌లో రైలెక్కి శ్రీకాకుళం దాకా వెళ్ళడం వల్ల గర్భం పోదు. కానీ గర్భం గర్భసంచిలోనే ఉందని స్కానింగులో తేలకముందు అంత దూరం బయలుదేరడం సరికాదు. ట్యూబులో గర్భమైతే అది పగిలినప్పుడు గంటల్లో ఆపరేషన్ కావాలి. అప్పటికి రైలు ఏ చిన్న స్టేషన్ల మధ్యో ఉంటుంది. ఇంతకు ముందు ఒకసారి ట్యూబులో గర్భం వచ్చిన వాళ్ళలో సుమారు పది మందిలో ఒకరికి మళ్ళీ అలాగే రావచ్చు. కాబట్టి స్కానింగు ముందు, ప్రయాణం తర్వాత.

పరీక్ష ఎలా వచ్చింది

ఉక్కు ఊరి జనానికి ఈ కథ దగ్గరగా అనిపించాలి. స్కాట్లండ్‌లోని గ్లాస్గోలో ప్రసూతి వైద్యుడిగా ఉన్న ఇయాన్ డొనాల్డ్, 1955లో శస్త్రచికిత్సలో తీసిన కణితుల్ని కారులో పెట్టుకుని రెన్‌ఫ్రూలోని ఒక బాయిలర్ల కర్మాగారానికి తీసుకెళ్ళాడు. లోహంలో కంటికి కనబడని పగుళ్ళను పట్టుకోవడానికి అక్కడ వాడే శబ్ద తరంగాల యంత్రంతో వాటిని పరీక్షించి చూశాడు. నీటి తిత్తికీ గట్టి కణితికీ తేడా ఆ యంత్రం తెర మీద స్పష్టంగా తెలిసింది. తర్వాత ఇంజనీరు టామ్ బ్రౌన్, వైద్యుడు జాన్ మెక్‌వికార్‌లతో కలిసి ఆయన 1958లో లాన్సెట్ పత్రికలో ప్రచురించిన వ్యాసంతో ప్రసూతి వైద్యంలో అల్ట్రాసౌండ్ మొదలైంది. అదే గ్లాస్గోలో హ్యూ రాబిన్సన్ 1970ల మొదట్లో తొలి వారాల పిండం గుండె కదలికను నమోదు చేశాడు. పిండాన్ని తల నుంచి పిరుదుల దాకా కొలిచి వారాలు లెక్కగట్టే పద్ధతిని 1973లో ప్రకటించాడు. ఇవాళ మాంగోలో చేతికిచ్చే రిపోర్టు మీద సీఆర్ఎల్ అని ఉండే అంకె ఆ కొలతే.

ఏ వారంలో ఏం కనిపిస్తుంది

వారాలను ఆఖరి నెలసరి మొదటి రోజు నుంచి లెక్కిస్తారు. యోని మార్గం ద్వారా చేసే స్కానింగులో, అంటే టీవీఎస్‌లో, దాదాపు ఐదో వారానికి గర్భసంచిలో చిన్న నల్లని తిత్తి కనబడుతుంది. దీన్ని డాక్టర్లు శాక్ అంటారు. ఐదున్నర వారాలకు అందులో ఉంగరంలా యోక్ శాక్ వస్తుంది. గర్భం గర్భసంచిలోనే ఉందని ధీమాగా చెప్పడానికి ఇదే తొలి ఆధారం. ఆరో వారానికి యోక్ శాక్ అంచున ఒకటి రెండు మిల్లీమీటర్ల పిండం, అందులో మిణుకుమనే గుండె కనిపిస్తాయి. అక్కడి నుంచి పిండం రోజుకు సుమారు ఒక మిల్లీమీటరు చొప్పున పెరుగుతుంది. ఏడు వారాలకు దాదాపు 10 మిల్లీమీటర్లు, ఎనిమిదికి 16, తొమ్మిదికి 23. గుండె వేగం ఆరో వారంలో నిమిషానికి 110 దగ్గర ఉండి, తొమ్మిదో వారానికి 170 దాటి, ఆపైన మెల్లగా తగ్గుతుంది. పొట్ట మీద నుంచి చేసే స్కానింగులో ఇవన్నీ సుమారు వారం ఆలస్యంగా కనబడతాయి. ఒళ్ళున్న వాళ్ళకూ గర్భసంచి వెనక్కి వంగి ఉన్న వాళ్ళకూ ఇంకొంచెం ఆలస్యం కావచ్చు.

గర్భాలు పోయిన స్త్రీ విషయంలో ఈ లెక్క తప్పడానికి ఒక ప్రత్యేక కారణం ఉంది. కడుపు పోయాక మళ్ళీ నెలసరి రాకుండానే గర్భం నిలిస్తే "ఆఖరి నెలసరి" అంటూ ఏదీ ఉండదు. పీసీఓడీ ఉన్నవాళ్ళకు అండం ఆలస్యంగా విడుదలవుతుంది. ఇలాంటి వాళ్ళు ఏడు వారాలనుకుని వెళితే తెర మీద ఐదున్నర వారాల గర్భం కనిపించవచ్చు. ఆ గర్భానికి ఏ లోపమూ ఉండకపోవచ్చు. లెక్కే ముందుకు జరిగి ఉంటుంది.

అందుకే నొప్పి, రక్తస్రావం లేనప్పుడు తొలి స్కానింగును ఏడో వారం దాకా ఆపడం మేలు. ఐదో వారంలో వెళితే ఖాళీ తిత్తి ఒకటి చూసి, ఏమీ తేలని రిపోర్టుతో ఇంటికొచ్చి, పది రోజులు నిద్ర లేకుండా గడపాల్సి వస్తుంది. ఆతురత సహజమే, తప్పు పట్టలేం. కానీ తొందరపడి చేయించిన స్కానింగు ధైర్యం ఇవ్వదు, భయాన్ని పెంచుతుంది. ట్యూబులో గర్భం ఇంతకు ముందు వచ్చినవాళ్ళు, ఒక పక్క నొప్పి ఉన్నవాళ్ళు, రక్తం కనిపించినవాళ్ళు మాత్రం ఆగకూడదు.

నెల తప్పిన తొలి రోజుల్లో బీటా హెచ్‌సీజీ రక్త పరీక్ష ఉపయోగపడుతుంది. ఒక్కసారి చేయించి ఆ అంకెను పక్కింటావిడ అంకెతో పోల్చుకోవడం వల్ల ప్రయోజనం లేదు. 48 గంటల తేడాతో రెండుసార్లు చేయించి పెరుగుదల చూడాలి. మొదటి విలువ 1500 లోపు ఉంటే, రెండు రోజుల్లో కనీసం 49 శాతం పెరగడం నిలిచే గర్భంలో ఎదురు చూడదగిన కనిష్ఠం. తెర మీద గుండె కనిపించాక ఈ రక్త పరీక్షతో పని లేదు. అయినా వారం వారం రాయించుకునే వాళ్ళున్నారు. దానికి పెట్టే డబ్బు వృథా.

గదిలో జరిగేది

కౌంటరు దగ్గర ఫారం ఎఫ్ నింపిస్తారు. పేరు, చిరునామా, ఉన్న పిల్లల వివరాలు, స్కానింగుకు కారణం అందులో రాస్తారు. గర్భం ఎక్కడ ఉందో, బతికి ఉందో లేదో చూడటం ఆ ఫారంలో ఇచ్చిన కారణాల్లో మొదటిది. 1994లో చేసి 1996 నుంచి అమలు చేస్తున్న లింగ నిర్ధారణ నిరోధక చట్టం ప్రకారం ఈ ఫారం తప్పనిసరి. పుట్టబోయేది ఆడో మగో చెప్పడం, అడగడం నేరం. ఏడెనిమిది వారాల్లో అది కనబడేది కూడా కాదు. ఆధార్ కార్డు, డాక్టరు రాసిన చీటీ లేకుండా వెళితే తిప్పి పంపవచ్చు.

తర్వాత పాత కాగితాలు. గత గర్భాల స్కానింగ్ రిపోర్టులు, ఏ వారంలో పోయింది, గుండె కొట్టుకోవడం అప్పుడు కనబడిందా లేదా, డీ అండ్ సీ (గర్భసంచి శుభ్రం చేయడం) చేశారా, మందులతో పోయిందా, బ్లడ్ గ్రూపు ఏమిటి అన్నవన్నీ ఒక ఫైలులో ఉంటే డాక్టరు పని సగం తేలికవుతుంది. ఎనిమిదో వారంలో పిండం చనిపోయి పదకొండో వారంలో రక్తస్రావం అయిన గర్భాన్ని చాలామంది "మూడో నెలలో పోయింది" అనే చెబుతారు. కారణం వెతికే డాక్టరుకు ఆ మూడు వారాల తేడా ముఖ్యం.

టీవీఎస్ అనగానే చాలామంది వెనక్కి తగ్గుతారు. "లోపల నుంచి చేస్తే కడుపు పోతుందట" అన్న మాట మాంగోలోనూ వినిపిస్తుంది, శ్రీకాకుళంలోనూ వినిపిస్తుంది. ఇది నిజం కాదు. ఆ గొట్టం యోనిలోనే ఆగుతుంది, గర్భసంచి ముఖద్వారం దాటి లోపలికి పోదు. రక్తస్రావం అవుతున్నప్పుడు కూడా చేయవచ్చు. కొత్త తొడుగు వేస్తారు, మూత్రం పోసుకుని రమ్మంటారు, కొంచెం ఒత్తిడి తప్ప నొప్పి ఉండదు. పురుష డాక్టరు చేస్తుంటే గదిలో ఆడ నర్సు ఉండాలని అడిగే హక్కు ఉంది. ఇష్టం లేకపోతే పొట్ట మీద నుంచే చేయమనవచ్చు. అప్పుడు నీళ్ళు తాగి మూత్రం నిలుపుకోవాలి, స్పష్టత తగ్గుతుందని తెలిసి ఒప్పుకోవాలి.

"గుండె చప్పుడు వినిపించండి" అని అడగడం మామూలైంది. తొలి మూడు నెలల్లో చప్పుడు వినిపించే డాప్లర్ పద్ధతిలో తరంగాల శక్తి ఎక్కువగా ఒకేచోట పడుతుంది. అందుకని ఎం మోడ్ అనే పద్ధతిలో గుండె కదలికను గీతగా చూపించి వేగం లెక్కించడం సరైనదని అంతర్జాతీయ అల్ట్రాసౌండ్ సంఘాల సూచన. గీత చూపించారు గానీ చప్పుడు వినిపించలేదంటే డాక్టరు జాగ్రత్తగా ఉన్నారని అర్థం.

అన్నిటికంటే కష్టమైనది మౌనం. తెర డాక్టరు వైపు ఉంటుంది, ఆయన కొలతలు తీసుకుంటూ మాట్లాడరు. గతంలో చెడు వార్త విన్న స్త్రీ ఆ మౌనాన్ని చెడు వార్తగానే వింటుంది. నిజానికి ఏ స్కానింగులోనైనా తొలి ఒకటి రెండు నిమిషాలు మాట లేకుండానే గడుస్తాయి. దీనికి మందు సులువు. బల్ల ఎక్కే ముందే "డాక్టరుగారూ, నాకు ఇదివరకు రెండుసార్లు పోయింది. గుండె కనబడగానే ముందు ఆ ఒక్క మాట చెప్పండి, కొలతలు తర్వాత తీసుకోండి" అని అడగాలి. చాలామంది డాక్టర్లు సంతోషంగా ఒప్పుకుంటారు. అడగకపోయినా అలా చెప్పే డాక్టర్లు ఉండాలి. ఇందుకు కొత్త యంత్రం అక్కర్లేదు, ఖర్చూ లేదు.

నాలుగు రకాల జవాబులు

తిత్తి, పిండం, గుండె, వారాలకు తగ్గ కొలత అన్నీ ఉంటే అది మంచి జవాబు. తిత్తి పక్కన కొంచెం రక్తం చేరిందని రిపోర్టులో రాసినా కంగారు పడనక్కర్లేదు. అలాంటివి తరచూ కనిపిస్తాయి, చాలావరకు వాటంతట అవే కరిగిపోతాయి.

రెండోది, గర్భసంచి ఖాళీగా ఉండటం. పరీక్షలో గర్భం ఉందని వచ్చి లోపల ఏమీ కనబడకపోతే, అది మరీ తొలి రోజులదైనా అయి ఉండాలి, అప్పటికే పోయినదైనా అయి ఉండాలి, ట్యూబులోదైనా అయి ఉండాలి. రక్త పరీక్షలు, మళ్ళీ స్కానింగు చేసి ఏదో ఒకటి తేలేదాకా వదలకూడదు. అరుదుగా కనిపించే ముత్యాల గర్భం (మోలార్ ప్రెగ్నెన్సీ) కూడా తొలి స్కానింగులోనే అనుమానానికి వస్తుంది.

మూడోది, గర్భం పోయిందని నిర్ధారించడం. ఇక్కడ అంకెలు ఖచ్చితంగా ఉండాలి. పిండం 7 మిల్లీమీటర్లు లేదా అంతకు మించి ఉండి గుండె కదలిక లేకపోవడం, తిత్తి సగటు కొలత 25 మిల్లీమీటర్లు లేదా అంతకు మించి ఉండి లోపల పిండం లేకపోవడం, యోక్ శాక్ లేని తిత్తి కనిపించిన రెండు వారాల తర్వాత కూడా గుండె ఉన్న పిండం రాకపోవడం, యోక్ శాక్ ఉన్న తిత్తి కనిపించిన పదకొండు రోజుల తర్వాత కూడా రాకపోవడం. ఈ నాలుగింటిలో ఒకటైనా టీవీఎస్‌లో తేలితేనే పోయిందని చెప్పాలి. అమెరికాలోని అల్ట్రాసౌండ్ రేడియాలజిస్టుల సంఘం 2012లో నిపుణులను కూర్చోబెట్టి తేల్చిన ఈ హద్దులు 2013లో న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్‌లో వెలువడ్డాయి.

అంతకు ముందు హద్దులు తక్కువగా ఉండేవి. చాలాచోట్ల పిండం 5 మిల్లీమీటర్లుండి గుండె కనబడకపోతే పోయిందనేవారు. కొలత తీసే ఇద్దరి మధ్య తేడా వచ్చేంత చిన్న వస్తువు విషయంలో అది ప్రమాదకరమైన హద్దు. 2010లో ఐర్లండ్‌లో, గర్భం పోయిందని చెప్పి శుభ్రం చేయడానికి సిద్ధం చేసిన కొందరు స్త్రీలకు తర్వాత స్కానింగులో బిడ్డ బతికే ఉన్నట్టు తేలిన సంగతి బయటపడి దేశమంతా కలవరపడింది. ప్రభుత్వం దేశవ్యాప్త సమీక్ష జరిపించింది. లండన్ కేంద్రంగా జరిగి 2011లో వెలువడిన అధ్యయనాలు పాత హద్దులు బతికున్న గర్భాలను కూడా పోయినట్టు చూపగలవని రుజువు చేశాయి. ఇప్పటి 7, 25 అంకెల వెనుక ఇంత చరిత్ర ఉంది.

నాలుగోది, ఏ సంగతీ తేలకపోవడం. పిండం 4 మిల్లీమీటర్లు, గుండె ఇంకా కనబడలేదు; లేదా తిత్తి 18 మిల్లీమీటర్లు, లోపల పిండం లేదు. అనుమానం ఉంది, నిర్ధారణ లేదు. ఇలాంటప్పుడు 7 నుంచి 14 రోజులు ఆగి మళ్ళీ స్కానింగు చేయాలి. ఆ వారం పది రోజులూ నరకంలా ఉంటాయన్నది నిజం. అయినా ఆ ఎదురుచూపును తగ్గించడానికి "డీ అండ్ సీ చేసేద్దాం" అన్న మాటకు ఒప్పుకోకూడదు. ఈ వ్యాసంలో ఒక్క విషయమే గుర్తుంచుకోవాలంటే ఇది: రక్తస్రావం ఆగకుండా ప్రాణం మీదికి వస్తే తప్ప, నిర్ధారణ హద్దు దాటని ఒక్క స్కానింగు మీద ఏ గర్భాన్నీ తీయించకూడదు. రెండో స్కానింగు అడగడం డాక్టరును అనుమానించడం కాదు. మంచి డాక్టరు తానే రాసిస్తారు.

గుండె కనబడ్డాక ఎంత ధైర్యం

ఆస్ట్రేలియాలో 2008లో ప్రచురించిన ఒక అధ్యయనంలో, ఏ ఇబ్బందీ లేకుండా తొలి చెకప్‌కు వచ్చి గుండె కనబడిన 697 మంది గర్భిణులను గమనించారు. ఆరో వారంలో గుండె కనబడిన వాళ్ళలో ఆ తర్వాత గర్భం పోయినవాళ్ళు 9.4 శాతం. ఏడో వారంలో కనబడితే 4.2 శాతం, ఎనిమిదిలో 1.5, తొమ్మిదిలో 0.5. గర్భాలు పోయినవాళ్ళకు, వయసు ముప్పై అయిదు దాటినవాళ్ళకు, రక్తస్రావం అవుతున్నవాళ్ళకు ముప్పు దీనికంటే ఎక్కువే. ఐతే వారం గడిచేకొద్దీ తగ్గుతూ పోవడం మాత్రం వాళ్ళలోనూ ఉంటుంది. ఏడో వారంలో ఒకసారి, తొమ్మిదిలో ఒకసారి, తర్వాత పదకొండు నుంచి పద్నాలుగు వారాల మధ్య బిడ్డ మెడ వెనుక మందం కొలిచే ఎన్‌టీ స్కానింగు అన్న క్రమం చాలామందికి సరిపోతుంది.

ఆరో వారం దాటాక గుండె వేగం నిమిషానికి 100 లోపు ఉంటే ముప్పు ఎక్కువ. అలాంటప్పుడు వారంలో మళ్ళీ చూడాలి. వాంతులు తగ్గాయా, రొమ్ముల నొప్పి పోయిందా అని రోజూ చూసుకోవడం వల్ల మనసు పాడవడం తప్ప ఏమీ తెలియదు. వాంతులు ఎక్కువై నిలవని గర్భాలున్నాయి, ఒక్క వాంతీ లేకుండా పండంటి బిడ్డలు పుట్టిన కాన్పులున్నాయి.

కారణాలు, మందులు

లాన్సెట్ పత్రిక 2021లో ప్రచురించిన అంచనా ప్రకారం ప్రపంచంలో ఏటా 2.3 కోట్ల గర్భాలు తొలి నెలల్లోనే పోతున్నాయి. తెలిసిన గర్భాల్లో ఇది 15 శాతం. ఒకసారి గర్భం పోయిన అనుభవం స్త్రీలలో 10.8 శాతం మందికి, రెండుసార్లు 1.9 శాతానికి, మూడుసార్లు 0.7 శాతానికి ఉంటుంది. యూరప్ పునరుత్పత్తి వైద్యుల సంఘం రెండు గర్భాలు పోతే పరీక్షలు మొదలుపెట్టమంటుంది, బ్రిటన్ ప్రసూతి వైద్యుల సంఘం మూడు అంటుంది. లాన్సెట్ నిపుణులు దీనికి మెట్ల పద్ధతి సూచించారు. మొదటిసారి పోతే సమాచారం, ఆరోగ్య సలహా. రెండోసారికి కొన్ని పరీక్షలు. మూడోసారికి పూర్తి పరిశోధన. మన పరిస్థితికి ఈ పద్ధతి బాగా నప్పుతుంది.

తొలి మూడు నెలల్లో పోయే గర్భాల్లో సుమారు సగం క్రోమోజోముల లోపం వల్ల పోతాయి. మెట్లెక్కడం, బొప్పాయి తినడం, స్కూటీ మీద వెళ్ళడం, గ్రహణం రోజున కూరగాయలు కోయడం వీటికి కారణాలు కావు. అత్తగారికీ ఆడపడుచులకూ ఈ మాట డాక్టరు నోటితో చెప్పించాలి. కోడలు చెబితే వినని ఇళ్ళున్నాయి.

వెతకాల్సినవి కొన్నే. యాంటీఫాస్ఫోలిపిడ్ యాంటీబాడీలు, థైరాయిడ్, చక్కెర, గర్భసంచి లోపల అడ్డుగోడ ఉందా లేదా చూసే త్రీడీ స్కానింగు, కొందరికి భార్యాభర్తల క్రోమోజోముల పరీక్ష. మేనరికం చేసుకున్నవాళ్ళు తలసీమియా, సికిల్ సెల్ పరీక్షలు చేయించుకోవడం బిడ్డ ఆరోగ్యం కోసం అవసరం. గర్భాలు వరసగా పోవడానికి మేనరికమే కారణమని నిందించడానికి గట్టి ఆధారం లేదు. జ్వరం వస్తే ఈ ప్రాంతంలో మలేరియా పరీక్ష తప్పనిసరి. కొన్ని ఇన్ఫెక్షన్లను వెతకడానికి చాలాచోట్ల రాసే టార్చ్ పరీక్షల మూట మాత్రం మళ్ళీ మళ్ళీ పోయే గర్భాలకు కారణం చెప్పదు. బ్రిటన్ ప్రసూతి వైద్యుల సంఘం 2011లోనే ఆ మాట అంది. ఆ డబ్బును యాంటీఫాస్ఫోలిపిడ్ పరీక్షకు పెట్టుకుంటే మేలు. ఎందుకంటే దానికి మందుంది. ఆ యాంటీబాడీలున్న 90 మంది స్త్రీలపై లండన్‌లో జరిపి 1997లో ప్రచురించిన పరిశోధనలో ఆస్పిరిన్ ఒక్కటే వాడినవాళ్ళలో 42 శాతానికి, ఆస్పిరిన్‌తో హెపారిన్ కలిపి వాడినవాళ్ళలో 71 శాతానికి బిడ్డలు పుట్టారు. కారణం తేలని వాళ్ళకు హెపారిన్ ఇంజక్షన్లు పొడవడం వల్ల లాభం లేదు.

ప్రొజెస్టిరాన్ గురించి స్పష్టత వచ్చింది. బ్రిటన్‌లో 48 ఆసుపత్రుల్లో 4153 మంది మీద జరిపి 2019లో ప్రకటించిన పరిశోధనలో, మూడు లేదా అంతకు మించి గర్భాలు పోయి, ఈసారి రక్తస్రావం అవుతున్న స్త్రీలలో ఈ మందు వాడితే 72 శాతానికి, వాడకపోతే 57 శాతానికి బిడ్డలు దక్కారు. 2021 నుంచి బ్రిటన్ మార్గదర్శకాలు ఒక్క గర్భం పోయినవాళ్ళకు కూడా, రక్తస్రావం అవుతూ గర్భం గర్భసంచిలో ఉందని స్కానింగులో తేలితే, 400 మిల్లీగ్రాములు రోజుకు రెండుసార్లు యోనిలో పెట్టుకోమంటున్నాయి. గుండె కనబడ్డాక 16 వారాల దాకా కొనసాగించాలి. రక్తస్రావం లేనివాళ్ళకు పెద్ద లాభం కనబడలేదు. మంచం దిగకుండా పడుకోవడం వల్ల గర్భం నిలుస్తుందనడానికి ఏ ఆధారమూ లేదు. వారాల తరబడి పడుకుంటే కాళ్ళలో రక్తం గడ్డకట్టే ముప్పు ఉంది.

తోడుండటం కూడా వైద్యమేనా? నార్వేలోని ఓస్లోలో 1984లో ప్రచురించిన ఒక అధ్యయనంలో, వరసగా గర్భాలు పోయి కారణం తేలని స్త్రీలకు తరచూ చెకప్‌లు, స్కానింగులు, ఓదార్పు ఇస్తే 86 శాతానికి కాన్పు అయింది, అవేవీ అందని వాళ్ళలో 33 శాతానికే అయింది. రెండు గుంపులనూ చీటీలు తీసినట్టు విడదీయలేదు కనుక ఆ తేడా అంతా ఓదార్పు వల్లే అనలేం. కానీ కారణం తేలని వాళ్ళలో నూటికి 75 మంది దాకా తర్వాతి గర్భంలో బిడ్డను ఎత్తుకున్నారని 1999లో లివర్‌పూల్ వైద్యులు కూడా చూపించారు. "మూడో నెల నిండేదాకా ఎవరికీ చెప్పకూడదు" అన్న మన ఆచారం దిష్టి నుంచి కాపాడుతుందో లేదో గానీ, స్కానింగు రోజున ఆ స్త్రీని ఒంటరిని మాత్రం చేస్తుంది. ఊరంతటికీ చెప్పక్కర్లేదు. అమ్మకో, అక్కకో, ఒక స్నేహితురాలికో చెప్పుకోవాలి.

మళ్ళీ చెడు వార్తే అయితే

నిర్ధారణ అయ్యాక కూడా గంటల్లో నిర్ణయించాల్సిన అవసరం చాలాసార్లు ఉండదు. దానంతట అది పోయేదాకా ఆగడం, మందులు వాడటం, చిన్న పరికరంతో లాగి శుభ్రం చేయించుకోవడం అన్న మూడు దారులున్నాయి. ఇంటికి వెళ్ళి భర్తతో మాట్లాడుకుని మర్నాడు చెప్పవచ్చు. ఇది రెండోదో మూడోదో అయితే, తీసిన కణజాలాన్ని క్రోమోజోముల పరీక్షకు పంపే వీలుందా అని ముందే అడగాలి, శుభ్రం చేశాక అడిగి లాభం లేదు. బ్లడ్ గ్రూపు నెగటివ్ అయితే యాంటీ డి ఇంజక్షన్ గురించి డాక్టరును తప్పక అడగాలి. ఆ రోజు రిపోర్టును కోపంతోనో దుఃఖంతోనో పారేయకూడదు, తర్వాతి గర్భానికి అదే ముఖ్యమైన కాగితం.

తొలి స్కానింగు బాగున్నా బాగా లేకపోయినా, గంటకు ఒక ప్యాడ్ తడిసిపోయేంత రక్తస్రావం, కళ్ళు తిరిగి పడిపోవడం, పొత్తికడుపులో ఒక పక్క తీవ్రమైన నొప్పి, భుజం కొసన నొప్పి, చలిజ్వరం, వీటిలో ఏది వచ్చినా తెల్లారేదాకా ఆగవద్దు. 108కి ఫోన్ చేయండి, పాత రిపోర్టుల ఫైలు చేత్తో పట్టుకుని ఆపరేషన్ సౌకర్యం ఉన్న ఆసుపత్రికే నేరుగా వెళ్ళండి.